ప్రాణం బేరానికి పెట్టేముందు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన నీ నవల ఆరు ప్రకరణాలూ చదివాను. హైదరాబాదులో అర్ధరాత్రి మనుషుల ఆత్మలు కొనే దళారి. ఊహ బాగుంది, వాడి తోలు కోటే బాగాలేదు. మే నెలలో అమీర్‌పేటలో తోలు కోటేసుకు తిరిగేవాడు ఒకరి ప్రాణం తీయడం తర్వాత, ముందు వాడిదే పోతుంది. తీసెయ్.

అన్నిటికంటే ముందు సరుకేమిటో తేల్చుకో. నువ్వు ‘ఆత్మ’ అని రాశావు. మన వాడుకలో ఆత్మ అంటే పాడుబడ్డ కొంపలో తిరిగేది, కాబట్టి చదివేవాడు ఇది దెయ్యాల కథ అనుకుంటాడు. కాస్త గీత తిరగేసినవాడయితే, నరికినా కాల్చినా చావనిదాన్ని అమ్మడానికి వీడెవడని అడుగుతాడు. సైతానుకు ఆత్మ అమ్ముకున్న ఫౌస్టు కథ పుట్టిన జర్మనీలో ఈ చిక్కు లేదు. ఎవరి ఆత్మ వాళ్లది, ఉన్నది ఒక్కటే, అమ్ముకుంటే నరకం. మన దగ్గర చేతులు మారేవి వేరు. పుణ్యం ధారపోస్తాం. ‘నా ఆయుష్షు కూడా పోసుకుని బతకరా’ అంటుంది అమ్మమ్మ. మాయల ఫకీరు తన ప్రాణాన్ని చిలకలో దాచుకున్నాడు. సత్యవంతుడి ఒంట్లోంచి యముడు పాశం వేసి లాగింది బొటనవేలంత పురుషుణ్ణని భారతం. కొలత కూడా ఇచ్చేశారు చూడు! వీటిలో ఒకటి ఎంచుకో. నేనైతే పుణ్యం తీసుకుంటాను. కొంచెం కొంచెంగా అమ్ముకోవచ్చు, ఖాతాలో ఇంకెంత ఉందో అమ్మేవాడికి తెలీదు.

ఇక బేరం. రెండో ప్రకరణంలో దళారి ధర చెప్పాడు, కుర్రాడు సరేనన్నాడు. ఫోన్లో బిర్యానీ తెప్పించుకున్నా ఇంతకంటే ఎక్కువ ఆలోచిస్తారు. నా పదేళ్ల వయసులో నాన్నతో పశువుల సంతకు వెళ్లాను, ఎద్దుల జతను అమ్మడానికి. దళారి వచ్చి నాన్న చెయ్యి పట్టుకుని పైన తువ్వాలు కప్పాడు. అంకెలన్నీ ఆ తువ్వాలు కింద వేళ్లతోనే. పైకి మాత్రం ‘వానలెలా ఉన్నాయి, పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా’ అని కబుర్లు. నాన్న నవ్వుతూనే జవాబు చెబుతున్నాడు. తువ్వాలు మాత్రం ఉన్నట్టుండి ఒక్కసారి గట్టిగా కదిలింది. దళారి నోట ‘పెద్దమ్మాయి’ అన్న మాట వచ్చినప్పుడే నాన్న అవసరం ఏమిటో వాడికి తెలిసిపోయిందని నాకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు. నీ దళారి కూడా ధర ముందు చెప్పకూడదు, ఇంటి సంగతులు అడగాలి.

బేరంలో షరతు ఎక్కడ జారిపోతుందో చూడాలంటే వ్యాసభారతం అరణ్యపర్వం మళ్లీ చదువు. యముడు సావిత్రికి వరమిచ్చిన ప్రతిసారీ ‘ఇతని ప్రాణం తప్ప’ అంటూ వస్తాడు. ఐదోసారి ఆ మాట అనడు. మరిచాడో, కావాలనే వదిలాడో! ఆవిడ మాత్రం వెంటనే పట్టుకుంది.

ఒప్పందం నెత్తుటితో రాయించావు. వద్దమ్మా, అది ఆ ఫౌస్టు కథలోంచి తెచ్చిన అరువు సరుకు. రిజిస్ట్రారాఫీసు ముందు ముప్ఫై ఏళ్లు దస్తావేజులు రాసి బతికినవాణ్ణి, నా మాట విను. ప్రోనోటు రాయించు. రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద సంతకం పడేలా. మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది, కోర్టులో చెల్లదు. అందుకే అప్పిచ్చినవాడు గడువు లోపలే వచ్చి, ఎంతో కొంత జమ కట్టించుకుని, నోటు వెనక ఆ జమ రాయించి, అంటే చెల్లు వేయించి, సంతకం తీసుకుంటాడు. అక్కణ్ణుంచి మళ్లీ మూడేళ్లు. ఇప్పుడు నీ దళారిని ఊహించు. గడువుకు వారం ముందు తలుపు కొడతాడు, ఎంతో మర్యాదగా. ‘ఎక్కువేం వద్దు బాబూ, పోయినేడు బస్టాండులో ఒక ముసలాయనకు నీళ్లు తాగించావే, ఆ పుణ్యం జమ వేసుకుంటాను, ఇక్కడ సంతకం చెయ్యి’ అంటాడు. ఇంత చిన్నదేగా అని కుర్రాడు పెన్ను తీసుకుంటాడు. నాకైతే ఇక్కడే ఒళ్లు జలదరిస్తుంది.

నేనూ ఒకప్పుడు వారపత్రికలో ఇలాంటి సీరియల్ రాశానని మీ అమ్మ చెప్పే ఉంటుంది. మధ్యలో ముగించమన్నారన్నది చెప్పి ఉండదు. నా మాంత్రికుడికి చేతకాని పనంటూ లేదు, అందుకని ఎవరికీ వాడంటే భయం వేయలేదు. నీవాడికి కొన్ని చేతకాకుండా చెయ్యి. గడువు ఒకటి. వాడు అడుగుపెట్టలేని చోటు ఇంకొకటి.

ఆ చోటు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది, చింతచెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలు పట్టుకుని నూట యాభైమంది దాకా బతికారని చెబుతారు. నీ నవలలో సిటీ అంటే మెట్రో స్తంభాలూ, అద్దాల మేడలూ తప్ప ఏమీ లేదు. ఒక సాయంత్రం వెళ్లి ఆ చెట్టు కింద కాసేపు నిలబడి రా. ఒక్క పైసా తీసుకోకుండా అన్ని ప్రాణాలు నిలబెట్టిన చెట్టు నీడలోకి నీ దళారి వస్తాడా, అంచున ఆగిపోతాడా? నాకైతే ఆగిపోతాడనే అనిపిస్తోంది. రాసేదానివి నువ్వు.

ఏడో ప్రకరణం ఫోనులో పంపకు, కళ్లు లాగుతున్నాయి. పెద్దక్షరాల్లో ప్రింటు తీయించి పోస్టులో వెయ్యి. పక్కన రాసుకోవడానికి మార్జిను వదులు, పోయినసారి వదల్లేదు.

ఆశీస్సులతో,
మావయ్య