మాతృభాష గడిలో ఏం రాయాలి?

ప్రశ్న: నాన్నది శ్రీకాకుళం జిల్లా, అమ్మ బెంగాలీ. పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో. పదో తరగతి దాకా బెంగాలీ చదివాను. తెలుగు మాట్లాడతాను, చదువుతాను, రాయాలంటే తడబడతాను. సివిల్స్ మెయిన్స్ భాషా పేపరుకు తెలుగు తీసుకోకపోతే నాన్న నొచ్చుకుంటారు. ఏం చేయను? గ్రూప్స్ కూడా రాయొచ్చా? దరఖాస్తులో మాతృభాష గడిలో ఏం రాయాలి?
– ఒక పాఠకురాలు, ఖరగ్‌పూర్

జవాబు: బెంగాలీ తీసుకోండి. ఇది అర్హత పేపరు. 300కి 25 శాతం, అంటే 75 తెచ్చుకుంటే చాలు. ర్యాంకులో ఈ మార్కులు కలవవు. తప్పితే మాత్రం మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లెక్కలోకి రావు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్న భాషల్లో ఏదైనా ఎంచుకోవచ్చు, మాతృభాషే కావాలన్న నియమం లేదు.

వ్యాసానికి 100, చదివి జవాబు రాయడానికి 60, సంక్షిప్తీకరణకు 60, రెండు అనువాదాలకు 20 చొప్పున, వ్యాకరణానికి 40. అంతా చేతిరాతే. ఇంట్లో మాట్లాడే తెలుగు ఇక్కడ అక్కరకు రాదు. బెంగాలీ ఉచ్చారణలో వ, బ ఒకటే. శ, ష, స మూడూ చాలాచోట్ల ‘శ’లాగే పలుకుతాయి. ణకూ నకూ తేడా వినిపించదు. ఎ-ఏ, ఒ-ఓలకు వేర్వేరు అక్షరాలే లేవు. అందుకే అక్కడి బడిలో చదివినవారి చేతిలో ‘విషయం’ ‘విశయం’, ‘గుణం’ ‘గునం’, ‘కోడి’ ‘కొడి’ అయిపోతుంటాయి. వ్యాసంలో ఇలాంటివి పేజీకి పది పడితే ఎంత మంచి విషయమున్నా తేలిపోతుంది.

కాదు, తెలుగే అంటారా? ఆరు నెలలు కేటాయించండి. రోజూ 20 నిమిషాలు నాన్నగారు సంపాదకీయంలో ఒక పేరా చదివితే మీరు డిక్టేషన్ రాయండి. ఆయనే ఎర్ర సిరాతో దిద్దాలి (నొచ్చుకునే బదులు ఆయనకూ పని దొరుకుతుంది). తర్వాత అదే పేరాను మూడో వంతుకు కుదించండి. పదిహేను రోజులకో పాత ప్రశ్నపత్రం, గడియారం ముందు పెట్టుకుని. వరసగా రెండింటిలో 120 దాటకపోతే, దరఖాస్తులో భాష రాసేలోపే బెంగాలీకి మారిపోండి.

గ్రూప్స్ రాయొచ్చు గానీ పెద్దగా ఆశ పెట్టుకోకండి. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 95 శాతం పోస్టులు స్థానికులవి. ఒకటి నుంచి ఏడు తరగతుల్లో ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారో చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ స్థానికతకు ప్రధాన ఆధారం చదువే. నాన్నగారి ఊరి పేరు చెప్పినంత మాత్రాన స్థానికులు కారు.

ఇక మాతృభాష గడి. చిన్నతనంలో తల్లి మాట్లాడిన భాషనే జనగణన మాతృభాషగా రాసుకుంటుంది, తెలిసిన మరో రెండు భాషలూ నమోదు చేసుకుంటుంది. ఆ లెక్కన మీది బెంగాలీ. ఇంటర్వ్యూకు 275 మార్కులు, అక్కడ ‘మీదే ఊరు’ అని అడిగితే నసగకండి: ‘ఖరగ్‌పూర్’ అనేయండి. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు కోసం తెలుగువాళ్లు అక్కడికి ఎలా వచ్చారో, 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదాను ఎందుకు ఆమోదించిందో చెప్పగలిగేలా ఉండండి. ఆ ప్రశ్న మీకు దక్కినంత సులువుగా ఇంకొకరికి దక్కదు.

ప్రశ్న: మా ఆవిడ బెంగాలీ. రెండు భాషలూ వచ్చిన మా అబ్బాయి అనువాదకుడవుతానంటున్నాడు. బతుకుదెరువు ఉంటుందా?
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: ఒక్క దాని మీదే ఆధారపడితే కష్టం. కేంద్ర ప్రభుత్వ అనువాదకుల పరీక్ష హిందీ-ఇంగ్లిషు జంటకు, పీజీ కావాలి. బెంగాలీ-తెలుగు పని ప్రచురణకర్తల దగ్గర, ఆడియో పుస్తకాల్లో, డబ్బింగ్‌లో దొరుకుతుంది. అది నెల జీతంలా రాదు. మరో ఉద్యోగం చేస్తూ మొదలుపెట్టమనండి.

ముందు 300 పదాలు అనువదించి, బెంగాలీ రానివారికి చదవడానికి ఇమ్మనండి. ఎక్కడ ఆగి మళ్లీ చదివారో గుర్తు పెట్టుకోవాలి. చుట్టరికాల దగ్గరే ఎక్కువగా దొరికిపోతారు. బెంగాలీలో మేనమామ కొడుకును ‘మామాతో భాయ్’ అంటారు, అతను అన్నో తమ్ముడో. తెలుగులో ‘బావ’ అని రాస్తే చదివేవాడు పెళ్లి దాకా వెళ్లిపోతాడు. ‘మేనమామ కొడుకు’ అని విప్పి రాయాల్సిందే.