తువ్వాల మీద చిల్లర పైసలు: గాస్టన్ గురించి మీరడిగినవి

పోయిన నెల ఈ పేజీల ఒక చిన్న ఫొటో వేసినం, అమెరికాల అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్ల ఉన్న గాస్టన్ మోటెల్ ఫొటో. కింద రెండే లైన్లు రాసినం, 1963ల నల్లజాతి హక్కుల ఉద్యమం నడిపిన మార్టిన్ లూథర్ కింగ్ ఈడనే దిగిండు, ఈ బిల్డింగు మీదనే బాంబు వేసిన్రు, దీని ఓనర్ ఏ.జి. గాస్టన్ ఒకప్పుడు బొగ్గుబాయి కూలీ అని. ఆ "బొగ్గుబాయి కూలీ" అన్న మాట మహారాష్ట్రల బల్లార్షా నుంచి సిరొంచ దాకా ఉన్న మన తెలుగోళ్ళందరికీ ఎక్కడనో తగిలినట్టున్నది, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు దాని మీదనే. అందుకే ఈసారి పేజీ మొత్తం ఆయనకే ఇస్తున్న.

ప్రశ్న: అన్నా, నేను బల్లార్షాల కాంట్రాక్టు కింద లోడింగ్ పని చేస్త. గనిల కూలీ హోటల్ ఓనర్ ఎట్ల అయ్యిండు, నిజంగనే కూలీనా లేకపోతే పెద్దోళ్ళ గురించి అందరూ చెప్పుకునే ముచ్చటనా?
(ఒక పాఠకుడు, బల్లార్షా)

జవాబు: నిజంగనే కూలీ తమ్ముడు. 1892 జులై 4న డెమోపొలిస్ అనే ఊర్ల, కట్టె దుంగలతోని కట్టిన ఇంట్ల పుట్టిండు. తాత, నాయనమ్మ ఇద్దరూ ఒకప్పుడు బానిసలు. తండ్రి చిన్నప్పుడే పోయిండు, తల్లి బర్మింగ్‌హామ్ల తెల్లోళ్ళింట్ల వంటమనిషి. చదువు పదో తరగతి దాకనే. మొదటి ప్రపంచ యుద్ధంల సిపాయిగా ఫ్రాన్స్ పోయొచ్చిండు, దేశం కోసం యుద్ధం చేసొచ్చిన మనిషికి ఊర్ల దొరికిన పని ఏందంటే టెన్నెసీ కోల్ అండ్ ఐరన్ కంపెనీల గని పని.

ఆడ ఆయన చేసిన మొదటి బేరం డబ్బాల బేరం. తల్లి వండిన అన్నం డబ్బా తోటి కూలీలు చూసి మాకూ కావాలె అన్నరు, ఇగ డబ్బాలు అమ్ముడు మొదలువెట్టిండు, పల్లీలు గూడ అమ్మిండు. తర్వాత చేబదుళ్ళు ఇచ్చుడు. డాలరిస్తే పావు డాలర్ వడ్డీ. ఇది నాకు నచ్చలే, నచ్చలేదనే రాస్తున్న, మన దిక్కు పగార్ రోజు గేటు కాడ నిలబడే వడ్డీ వ్యాపారి ముఖం ఎవ్వరం మర్చిపోలేం. కానీ ఆయన కథల ఉన్నది ఉన్నట్టు చెప్పాలె కదా.

అసలు ముచ్చట ఆ తర్వాతది. గనిల ఎవరన్న చనిపోతే వాళ్ళ భార్యలు గని కాడికి, చర్చి కాడికి వచ్చి మొగన్ని పూడ్చిపెట్టేటందుకు చందా అడిగేటోళ్ళు. గాస్టన్ అది మస్తుసార్లు చూసిండు. నేను చదివినప్పుడు నాకు మా బాపు గనిల పనిచేసిన రోజులు యాదికొచ్చినయ్. పగార్ రోజు గేటు బయట ఒక తువ్వాల పరిచి ఉండేది, పక్కన ఒకామె తల మీద కొంగు కప్పుకుని నేల దిక్కే చూసుకుంట కూసునేది, షిఫ్టు దిగి వచ్చినోళ్ళు బొగ్గు చేతులతోని చిల్లర వేసేటోళ్ళు, ఆ తువ్వాల అంచులన్నీ నల్లగయ్యేవి. మా బాపు ఎప్పుడు వేసినా ఆమె ముఖం దిక్కు చూడకుంట వేసేటోడు. ఎందుకు చూడవని అడిగితే, చూస్తే ఆమెకు సిగ్గయితది బిడ్డా అన్నడు.

గాస్టన్ ఆలోచించింది ఏందంటే, చనిపోయినంక అడుక్కునే బదులు బతికున్నప్పుడే తలా ఇన్ని చిల్లర పైసలు నెలనెలా జమ చేస్తే ఆ ఆడమనిషి తువ్వాల పరిచే పని ఉండదు కదా అని. 1923ల అట్ల ఒక శవ సంస్కారాల సంఘం పెట్టిండు, నల్లజాతి పిల్లల చదువు కోసం పనిచేసిన బుకర్ టి. వాషింగ్టన్ పేరు మీద, ఆ పెద్దమనిషి ఉపన్యాసం చిన్నప్పుడు విన్నడట. 1932కు అది ఇన్సూరెన్స్ కంపెనీ అయింది. శవాలను పూడ్చే ఏర్పాట్ల దుకాణం మామతోని కలిసి పెట్టిండు. కంపెనీకి టైపిస్టులు, గుమాస్తాలు కావాలంటే నల్లజాతి పిల్లలకు ఆ పని నేర్పే చోటే లేదు, దాంతోని 1939ల బిజినెస్ కాలేజీ పెట్టిండు. 1954ల మోటెల్. ఇండ్లకు లోన్ పుట్టకపోతే 1957ల పొదుపు బ్యాంకు. జనానికి ఏది లేకపోతే అది పెట్టుకుంట పోయిండు, లెక్క అంతే.

ప్రశ్న: అన్నా, నేను చంద్రాపూర్ల మెస్ నడుపుత, ముప్పై డబ్బాలు పోతయి. గాస్టన్ డబ్బాలు అమ్మి ఎదిగిండంటున్నరు గని వండింది తల్లి కదా, ఆమె పేరు ఎవ్వరూ చెప్పరు.
(ఒక సోదరి, చంద్రాపూర్)

జవాబు: మంచిగ అడిగినవ్ చెల్లె. ఆమె పేరు రోజా. ఇంకో పేరు గూడ రాసుకో, మిన్నీ, ఆయన రెండో భార్య. బిజినెస్ కాలేజీ నడిపింది ఆమెనే. నీ ముప్పై డబ్బాల లెక్క పుస్తకం గూడ నీ పేరు మీదనే ఉండాలె, గుమాస్తా లైసెన్స్ (దుకాణం నడిపేటందుకు తీసుకునే కాగితం) గూడ నీ పేరు మీదనే తీసుకో.

ప్రశ్న: నల్లోళ్ళ హక్కుల ఉద్యమం నడుస్తుంటే గాస్టన్ దూరం జరిగిండు, పిల్లలు ఊరేగింపులకు పోవద్దు, బడికి పోవాలె అన్నడు, కుర్రోళ్ళు ఆయన్ని తెల్లోళ్ళ మనిషి అని తిట్టిన్రు. మన చంద్రాపూర్ దీక్షాభూమిల 1956 అక్టోబర్ 16న బాబాసాహెబ్ అంబేద్కర్ బౌద్ధ దీక్ష ఇచ్చిండు, ఆ మట్టి మీద పెరిగినోళ్ళం, ఉద్యమం అంటే ఏందో మాకు తెలుసు. ఇసొంటి మనిషి ఫొటో ఎందుకు వేసిన్రు?
(రిటైర్డ్ టీచర్, రాజురా)

జవాబు: సార్, మీరు రాసినవి అబద్ధాలు కావు, ఒప్పుకుంటున్న. గాస్టన్ కూసోని మాట్లాడి తెంపుదాం అనే రకం. 1963 ఏప్రిల్ల బర్మింగ్‌హామ్ల ఎన్నికలయ్యి నల్లోళ్ళను అణిచిపెట్టే పోలీసు పెద్ద బుల్ కానర్ మేయర్ పోటీల ఓడిపోయిండు, గెలిచిన కొత్త మేయర్‌కు కొంచెం టైమ్ ఇద్దాం అన్నోళ్ళల్ల ఈయన గూడ ఉన్నడు. పిల్లల్ని ఊరేగింపుకు పంపుడు తప్పన్నడు. నా మట్టుకు నేను చెప్తున్న, పిల్లల విషయంల గాస్టన్ లెక్క తప్పింది. మే 2న చర్చిల నుంచి పిల్లలు పాటలు పాడుకుంట బయటికొచ్చి వందలమంది జైలుకు పోకపోయి ఉంటే ఆ ఊరు కదిలేది కాదు.

అయితే సార్, ఆ గది సంగతి గూడ చూడాలె. తెల్లోళ్ళ హోటళ్ళల్ల నల్లోళ్ళకు గది ఇయ్యరు, అది కింగ్ అయినా సరే. ఊర్ల కాలు పెట్టినంక పండుకునేటందుకు మంచం, మీటింగులకు తలుపు వేసుకునే గది, ఫోను, అన్నం, ఇవన్నీ ఎక్కడ? గాస్టన్ మోటెల్ల. 30వ నంబర్ గది. ఉద్యమంల జనం జమయ్యే కెల్లీ ఇంగ్రమ్ పార్కు, 16వ వీధి చర్చి అన్నీ నడిచిపోయే దూరం. ఏప్రిల్ 12 గుడ్ ఫ్రైడే పొద్దున ఆ గదిల అందరూ కూసున్నరు, బెయిల్ పైసలు అయిపోయినయ్, ఊరేగింపు తీయొద్దని కోర్టు ఆర్డర్ ఉన్నది, కింగ్ జైలుకు పోతే చందాలు వసూలు చేసేదెవరు అని ఒక దిక్కు, పోకపోతే ఇప్పటికే లోపల ఉన్నోళ్ళకు ఏం ముఖం చూపిస్తం అని ఇంకో దిక్కు. కింగ్ లోపలి గదిలకు పోయి కొద్దిసేపు ఒక్కడే ఉన్నడు, కూలీలు వేసుకునే జీన్స్ బట్టలు వేసుకుని బయటికొచ్చిండు, పోత అన్నడు. పోయిండు. ఆ జైల్లనే పేపర్ అంచుల మీద మొదలుపెట్టి ఏప్రిల్ 16 తారీఖుతోని "బర్మింగ్‌హామ్ జైలు నుంచి ఉత్తరం" అని పేరు పడ్డ ఆ పెద్ద ఉత్తరం రాసిండు. ఈ నిర్ణయాలు నచ్చని ఓనర్ గది ఖాళీ చేయమనలే. అది చిన్న సంగతి అని నేననుకుంట లేను.

ఎందుకు అనలేకపోయిండు కాదు, ఎందుకు అనాల్సిన అవసరం రాలేదు అని ఆలోచించి చూడున్రి. ఆ దినాలల్ల ఉద్యమంలకు దిగిన నల్లజాతి మాస్టర్ ఉద్యోగం పోతది, కౌలు రైతును దొర భూమిల నుంచి వెళ్ళగొడ్తడు, దుకాణపాయనను బ్యాంకు పిలిచి బాకీ మొత్తం రేపటికల్ల కట్టు అంటది. గాస్టన్‌కు పైసలిచ్చేది ఎవరు? గని కూలీలు, ఇండ్లల్ల పనిచేసే ఆడోళ్ళు, నెలనెలా ప్రీమియం కట్టే నల్లోళ్ళే. తెల్లోని దయ మీద నడిచే గిరాకీ కాదు. ఇంకో సంగతి, ఒక బ్యాంకుల మంచినీళ్ళ నల్లా మీద "తెల్లోళ్ళకు మాత్రమే" అని బోర్డు ఉంటే, ఆ బోర్డు తియ్యకపోతే నా ఖాతా తీసేసుకుంట అన్నడు గాస్టన్, బోర్డు తీసేసిన్రు. ఆ ఖాతాల ఉన్నవి ఎవరి పైసలనుకుంటున్నరు? మొగన్ని పూడ్చేటందుకు చేయి చాపొద్దని కూలీ తల్లులు కూడబెట్టినవి సార్, వాటితోని దిగింది ఆ బోర్డు.

మే 3 సంగతి చెప్పాలె. గాస్టన్ ఆఫీసుల ఫోన్ల ఉన్నడు, అవతల డేవిడ్ వాన్ అనే తెల్ల వకీలు, ఇద్దరూ మాట్లాడుకునేది ఏందంటే ఈ కింగ్ వచ్చి మన ఊర్ల పని చెడగొడుతున్నడు అనే. ఆఫీసు కిటికీల నుంచి పార్కు కనపడ్తది. బయట ఫైరింజన్ పైపులు తిప్పిన్రు పిల్లల మీద, చెట్టు బెరడు లేచిపోయేటంత జోరు ఆ నీళ్ళది. ఒక చిన్న ఆడపిల్లను ఆ నీళ్ళు నడిరోడ్డు మీద దొర్లించుకుంట పోవుడు గాస్టన్ కండ్లతోని చూసిండు. మా జనం బయట ప్రాణాల కోసం కొట్లాడుతున్నరు, ఇప్పుడు నీతోని మాట్లాడలేను అని ఫోన్ పెట్టేసిండు. ఈ మాట తర్వాత చెప్పింది ఆ వకీలే. అప్పటికి గాస్టన్‌కు డెబ్బై ఏండ్లు సార్. డెబ్బై ఏండ్ల మనిషి, ఊర్ల అందరికంటే పైసలున్న నల్లోడు, ఒక్క పిల్లను చూసి మాట మధ్యల ఫోన్ పెట్టేసిండంటే నాకు ఆయన మీద గౌరవం కలిగింది ఆడనే. తర్వాత ఆయన ఊరేగింపుల ముందట నడిచిండని అబద్ధం చెప్ప, నడవలే. కింగ్‌ను మళ్ళ లోపల వేస్తే మాత్రం బెయిల్ కట్టింది ఈయననే.

మే 10న ఒప్పందం కుదిరింది, దుకాణాలల్ల వేరు బల్లలు, వేరు గదులు తీసేస్తం, నల్లోళ్ళకు ఉద్యోగాలిస్తం అని. తెల్లారి రాత్రి, మే 11న, కింగ్ తమ్ముని ఇంటి మీద బాంబు, గాస్టన్ మోటెల్ మీద బాంబు, సరిగ్గ ఆ 30వ నంబర్ గది కింద. కింగ్ అప్పటికే అట్లాంటా పోయిండు కాబట్టి బతికిండు. సెప్టెంబర్ల గాస్టన్ ఇంటి మీద గూడ వేసిన్రు. అదే నెల 15న చర్చి మీద వేసిన బాంబుకు నలుగురు ఆడపిల్లలు చనిపోయిన్రు. బాంబు వేసెటోనికి మెల్లగ పోదాం అన్నోడు, జైలుకు పోదాం అన్నోడు ఇద్దరూ ఒక్కటే సార్.

దీక్షాభూమి మాట మీరే తెచ్చిన్రు కాబట్టి అడుగుత. ఆ రోజు అంతంత దూరం నుంచి నడిచి వచ్చినోళ్ళకు నీళ్ళు పోసినోళ్ళు, ఇంటి అరుగు మీద పండుకోనిచ్చినోళ్ళు గూడ ఉండే ఉంటరు కదా. మీ ఇంట్ల పెద్దోళ్ళకు ఎవరన్న యాదికి ఉంటే రాసి పంపున్రి, తప్పకుంట వేస్తం.

ప్రశ్న: ఇప్పుడు ఆ మోటెల్ ఉన్నదా? ఆ కంపెనీ ఏమైంది?
(ఒక పాఠకుడు, సిరొంచ)

జవాబు: ఉన్నది. 2017 జనవరిల ఒబామా ఆ ప్రాంతాన్ని జాతీయ స్మారకం చేసిండు, మోటెల్ అందులనే వస్తది. కంపెనీని గాస్టన్ 1987ల పనిచేసేటోళ్ళకే అమ్మిండు, అసలు విలువల పదో వంతుకు. ఆయన 1996 జనవరి 19న చనిపోయిండు, 103 ఏండ్లు బతికిండు.

ప్రశ్న: అన్నా, మా ఆయన ఘుగ్గుస్‌ల కాంట్రాక్టు కూలీ. పర్మనెంటోళ్ళకు కంపెనీ ఎంతో కొంత చూస్తది, మా లైన్ల ఎవరన్న పోతే ఇప్పటికీ చందానే. మీరు ఫొటో కింద రాసినాయన లెక్క మేమూ ఏమన్న సంఘం పెట్టుకోవచ్చునా?
(ఒక సోదరి, ఘుగ్గుస్)

జవాబు: పెట్టుకోవచ్చు చెల్లె, పెట్టుకోవాలె. ముందుగాల ఒక మాట, దాన్ని ఇన్సూరెన్స్ అనొద్దు, ఇంత కడితే ఇంత వస్తది అని కాగితం మీద రాసియ్యొద్దు, ఇన్సూరెన్స్ నడపాలంటే సర్కార్ లైసెన్స్ కావాలె. సాయం చేసుకునే సంఘం అని పెట్టుకోన్రి. రిజిస్టర్ చేయాలనుకుంటే చంద్రాపూర్ల చారిటీ కమిషనర్ ఆఫీసుల అడుగున్రి. పైసలు ఎవరి ఇంట్ల పెట్టొద్దు, బ్యాంకుల సంఘం పేరు మీద ఖాతా, ముగ్గురి సంతకాలు, అందుల ఇద్దరు ఆడోళ్ళుండాలె. ఎవరెంత కట్టిన్రో పుస్తకంల రాసి వాళ్ళతోనే సంతకం, సంతకం రాకపోతే వేలిముద్ర.

దీంతోపాటు బ్యాంకులనే రెండు సర్కార్ పథకాలున్నయ్. ఏడాదికి 436 రూపాయలు కడితే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 18 నుంచి 50 ఏండ్ల లోపోళ్ళు చేరొచ్చు, మనిషి పోతే ఇంటోళ్ళకు రెండు లక్షలు. ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రధానమంత్రి సురక్ష బీమా, ప్రమాదంల పోతే రెండు లక్షలు. మీ లైన్ల అందరితోని ఈ రెండూ చేయించున్రి, నామినీ పేరు సరిగ్గ ఉన్నదా అని పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుల ఒకసారి అడుగున్రి, మన దిక్కు ఆధార్ల ఒక పేరు, బ్యాంకుల ఒక పేరు ఉండి మస్తుమందివి ఆగిపోతున్నయ్, మరాఠీల రాసేటప్పుడు మన ఇంటిపేర్లు తారుమారయితయి. ఆ పైసలు వచ్చేటందుకు రోజులు పడ్తది గని కట్టెలు, బండి, బట్ట పొద్దుగూకక ముందే కావాలె, మీ సంఘం ఆ ఒక్క రాత్రి కోసం.

మొదలు ఒక ఇరవై ఇండ్లతోనే పెట్టుకోన్రి, ఇంటికి నెలకు యాభై అయినా చాలు. పుస్తకం మీ దగ్గరనే ఉంచుకో. మొదటి పేజీ నిండినంక నాకు రాయి, రిజిస్ట్రేషన్ కాగితాలు మరాఠీల నింపాల్సి వస్తది, బల్లార్షాల ఆ పని తెలిసిన మనోళ్ళు ఉన్నరు, పంపిస్త.