రోడ్డు వెడల్పు చేసినా రద్దీ ఎందుకు తగ్గదు: విజయనగరంలో లేఅవుట్లు గీసే నా అనుభవం నుంచి

‘మన విజయనగరం ఏటేటా పెరుగుతోంది. రోడ్లు వెడల్పు చేసినా రద్దీ తగ్గడం లేదు. భూవినియోగం, రవాణా కలిపి ప్లాన్ చేయాలంటున్నారు. అంటే మన ఊళ్లో చేయాల్సింది ఏమిటి?’ అని ఒకరు నన్ను అడిగారు.

నేను ఇక్కడ చాలాకాలంగా ఎల్టీపీగా పనిచేస్తున్నాను. లైసెన్సు తీసుకుని ఇళ్ల ప్లాన్లు, లేఅవుట్లు గీసి అనుమతులకు పెట్టడం నా వృత్తి. నా జవాబు ఇది: బస్సు ఏ దారిన తిరగాలో ముందు గీయాలి, ఆ తర్వాతే చుట్టుపక్కల చేలు ప్లాట్లు కావడానికి అనుమతివ్వాలి. మన దగ్గర చేలు ముందు అమ్ముడైపోతాయి, రోడ్డు సంగతి తర్వాత వస్తుంది.

లేఅవుట్ ఎలా పుడుతుందో చూడండి. అయిదెకరాల రైతు ఒక రియల్టరుతో ఒప్పందం చేసుకుంటాడు. నా దగ్గరికి వచ్చేది ఆ అయిదెకరాల సర్వే స్కెచ్చే. పదిశాతం ఖాళీ స్థలం వదిలి, రూల్ ప్రకారం లోపలి రోడ్లు వేసి, మిగిలింది ప్లాట్లు చేస్తాను. కాగితం మీద అంతా సక్రమమే. ఏడాది తిరగకుండా పక్క చేను ఇంకొకరు వేస్తారు. మొదటి లేఅవుట్ రోడ్డు హద్దు దాకా వస్తుంది కాబట్టి రెండూ కలవాలి. కానీ అక్కడికి వెళ్లి చూస్తే రోడ్డు చివర గోడ ఉంటుంది. ఆ గోడ కట్టించిన ఓ పెద్దాయన్ని అడిగితే, “నా సొమ్ముతో ఏసిన రోడ్డు ఆళ్లకెందుకు ఒగ్గాలి బాబూ? ఆళ్ల ప్లాట్ల రేటు పెంచడానికా?” అన్నారు. ఆయన వైపు నుంచి చూస్తే అందులో తప్పు పట్టడానికి లేదు. తన భూమితో పక్కవాళ్లకు లాభం జరుగుతుంటే, అందులో తనకు వాటా ఇచ్చే ఏర్పాటు ఎవరూ చేయలేదు మరి.

ఇలా పది లేఅవుట్లు పక్కపక్కన వచ్చాక, గోడకు అటూ ఇటూ ఉన్న ఇళ్ల వాళ్లు ఒకరింటికి ఒకరు వెళ్లాలంటే మెయిన్ రోడ్డుకు వచ్చి చుట్టూ తిరగాలి. ఒకవైపు దూరి ఇంకోవైపు బయటపడే దారి లేని చోటికి బస్సు రాదు. పెట్టినా ఎక్కేవాళ్లు ఉండరు, ఓఆర్, అంటే బస్సులో సీట్లు నిండే శాతం, పడిపోతే డిపో ఆ సర్వీసు తీసేస్తుంది. అప్పుడు ప్రతి ఇంట్లో బండి కొనాల్సిందే. ఆ బళ్లన్నీ పొద్దున్న తొమ్మిదింటికి మయూరి జంక్షన్ దగ్గరో, ఎత్తు బ్రిడ్జి మీదో ఒక్కసారిగా చేరతాయి. మనం చూసే రద్దీ అక్కడ కనిపిస్తుంది గానీ, అది మొదలైంది ఊరి చివర ఆ గోడ దగ్గర. రోడ్డు వెడల్పు చేస్తే ఈ గోడ పోదు. పైగా వెడల్పైన రోడ్డు వెంట ఇంకా దూరాన కొత్త వెంచర్లు లేస్తాయి.

మన ఊరి దగ్గరి గుంకలాం కాలనీ గుర్తుందా? 2020 డిసెంబరులో పేదలకు పట్టాలిచ్చారు. 397 ఎకరాలు, పన్నెండు వేలకు పైగా ప్లాట్లు. ఇంటికి ముగ్గురనుకున్నా అదొక ఊరంత జనం. కూలిపని, కొట్టు పని, పిల్లల చదువు మాత్రం టౌన్లోనే ఉన్నాయి. ఏ ప్రభుత్వం ఇచ్చినా అంత పెద్ద కాలనీలో పట్టాతో పాటే బస్సు దారి, బడి, చిన్న బజారు కూడా మొదటి రోజు నుంచే ఉండాలి. రోజూ ఆటోకు పెట్టే డబ్బు ఆ ఇంటికి కట్టే అద్దె లాంటిదే. పేదవాడి విషయంలో ఇలా చేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

పాత ఊళ్లో ఈ సమస్య ఇంత లేదు. కోట, గంటస్తంభం చుట్టూ ఇల్లు, కొట్టు, బడి, గుడి అన్నీ నడక దూరంలో ఉంటాయి.

ఇక చేయాల్సినవి రెండు. మొదటిది టౌన్ ప్లానింగ్ స్కీమ్. గుజరాత్‌లో 1976 చట్టం కింద టౌన్ ప్లానింగ్ స్కీములు వేస్తారు. ఒక ప్రాంతంలోని రైతులందరి భూమిని కలిపి ఒకే నక్షా మీద పెడతారు. ముందు పెద్ద రోడ్లు, పార్కులు, బడి స్థలాలు తీసి, మిగిలినదాన్ని ఎవరి వాటా వాళ్లకు ప్లాట్లుగా తిరిగి ఇస్తారు. విస్తీర్ణం తగ్గుతుంది, కానీ ప్రతి ప్లాటుకూ దారి ఉంటుంది, విలువ పెరుగుతుంది. అహ్మదాబాద్ చుట్టూ 76 కిలోమీటర్ల రింగు రోడ్డుకు భూమి చాలావరకు ఇలాగే వచ్చింది. ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు సమాధానం ఇందులో ఉంది: రోడ్డుకు అందరూ ఇస్తారు, లాభం అందరికీ వస్తుంది. టౌన్ ప్లానింగ్ స్కీమ్ వేసే వీలు మన 1920 నాటి టౌన్ ప్లానింగ్ చట్టంలోనే ఉంది. ల్యాండ్ పూలింగ్, అంటే ఇలా భూములు కలిపి ప్లాట్లుగా తిరిగి తీసుకోవడం, ఏమిటో అమరావతి తర్వాత మన రైతులకు కొత్తగా చెప్పక్కర్లేదు.

రెండోది, ఎన్ని అంతస్తులు కట్టొచ్చన్నది బస్సు దారిని బట్టి నిర్ణయించాలి. బ్రెజిల్లోని కురిటీబా 1970ల్లో ఈ పని చేసింది. బస్సు నడిచే పెద్ద దారుల వెంటే ఎత్తైన భవనాలకు అనుమతిచ్చింది, వెనక వీధుల్లో తక్కువ ఎత్తు ఇళ్లే. బస్సు పక్కనే జనం ఉంటే బస్సు ఖాళీగా పోదు. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం కూడా భూవినియోగం, రవాణా కలిపి ప్లాన్ చేయమనే చెప్పింది.

మనకు ఇప్పుడు తొందర ఉంది. విమానాశ్రయం పేరు చెప్పి డెంకాడ, భోగాపురం వైపు వెంచర్లు లేస్తున్నాయి. అక్కడ చేలు ఇంకా చేలుగా ఉన్నప్పుడే రోడ్ల గీతలు సర్వే నంబర్ల మీద పడాలి. ఇళ్లు లేచాక అదే గీతకు కూల్చివేతలు, కోర్టు కేసులు, ఎన్నో రెట్లు పరిహారం. మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలకు గడువిస్తారు. అప్పుడు మీ సర్వే నంబరు ఏ రంగులో ఉందో, అంటే ఇళ్లకా పొలానికా కేటాయించారో, మాత్రమే చూసి వచ్చేయకండి. దగ్గర్లో పెద్ద రోడ్డు ఎటు వెళ్తోందో, అది ఇంకో రోడ్డులో కలుస్తోందో లేదో చూసి రాతపూర్వకంగా ఇవ్వండి.

మీ వీధి చివర ఇప్పటికే గోడ ఉంటే, ఆమోదం పొందిన లేఅవుట్ కాపీ సమాచార హక్కు కింద తీసుకోండి. అందులో రోడ్డు హద్దు దాకా ఉంటే, ఆ రోడ్డు గిఫ్ట్ డీడ్ (దానపత్రం) ద్వారా మున్సిపాలిటీకో పంచాయతీకో దఖలు పడే ఉంటుంది. లేఅవుట్ వేసినవాళ్లకు దాని మీద హక్కు మిగలదు. పదిమంది సంతకాలతో ఆ కాపీ జతచేసి గోడ తీయించమని అడగండి. గోడ అవతలి వీధివాళ్లతో కూడా సంతకం పెట్టించండి, వాళ్లకూ ఆ దారి కావాలి.