50 కిలోలకు సరిగ్గా, 800 కిలోలకు తప్పుగా చూపే కాటా: ఇండికేటర్ సెటప్, కాలిబ్రేషన్

మీరు అడిగింది ఇదీ: 1000 కిలోల ప్లాట్‌ఫారం కాటా, కింద 500 కిలోల షియర్ బీమ్ లోడ్ సెల్స్ (బరువును విద్యుత్ సిగ్నల్‌గా మార్చే లోహపు కడ్డీలు) నాలుగు, కొత్తగా పెట్టిన ఇండికేటర్ (అంకె చూపే పెట్టె), డివిజన్ (అంకె మారే కనీస మెట్టు) 500 గ్రాములు. 50 కిలోల రాయితో కాలిబ్రేట్ చేశారు, అంటే తెలిసిన బరువు పెట్టి ఇండికేటర్ అంకెను దానికి సరిచేశారు. 50 పెడితే 50.0 వస్తోంది, కానీ వేరే కాటా మీద 800 తూగిన సరుకు దీని మీద 803, 804 చూపిస్తోంది. ఒక మూలన పెడితే తక్కువ వస్తోంది. పొద్దున ఆన్ చేశాక జీరో నిలవడం లేదు. ఇవి మూడు వేర్వేరు లోపాలు కావచ్చు, ఒక్కసారి కాలిబ్రేషన్ చేసినంత మాత్రాన మూడూ పోవు.

ముందు 800 సంగతి. డిస్‌ప్లే 500 గ్రాముల మెట్లలో నడుస్తుంది కాబట్టి లోపలి విలువ 49.75 నుంచి 50.25 దాకా ఎంత ఉన్నా బయటికి 50.0 అనే కనిపిస్తుంది. 200 గ్రాముల తప్పు ఉన్నా మీకు తెలియదు. ఇండికేటర్ చేసేదల్లా జీరో దగ్గర ఒక బిందువు, రాయి దగ్గర ఒక బిందువు తీసుకుని వాటి మీదుగా సరళరేఖ గీయడం. ఆ రేఖ 50 నుంచి 800 దాకా సాగితే తప్పు కూడా 16 రెట్లు అవుతుంది: 200 గ్రాములు కాస్తా 3.2 కిలోలు. మీకు వస్తున్న తేడా సరిగ్గా ఈ స్థాయిలోనే ఉంది. ప్లాట్‌ఫారం అంచు ఫ్రేముకు కొంచెం రాసుకున్నా, జీరో తీసుకునే క్షణంలో గాలి వీచినా, ఇండికేటర్ ఇంకా వేడెక్కకపోయినా ఆ 200 గ్రాములు వచ్చేస్తాయి.

అలాగని ఇప్పుడే పెద్ద రాళ్లు తెచ్చి మళ్లీ కాలిబ్రేట్ చేయకండి. కింద ఇనుములోనో వైర్లలోనో లోపం ఉంటే ఇండికేటర్ ఆ లోపాన్నే నిజమనుకుని సేవ్ చేసుకుంటుంది. కింద నుంచి పైకి రండి.

ప్లాట్‌ఫారం చుట్టూ సందు ఉందా చూడండి. పలుచని రేకు ముక్కను అంచు వెంబడి నాలుగు వైపులా లాగితే ఎక్కడ తగులుకుంటుందో అక్కడ మట్టో, వెల్డింగ్ బొబ్బో ఉంటుంది. ఓవర్‌లోడ్ స్టాపర్ బోల్టులు ఉంటే పూర్తి లోడ్ మీద కూడా అవి తగలకూడదు. సెల్ కూర్చునే చోటు రంగు, తుప్పు లేకుండా చదునుగా ఉండాలి, బోల్టులు సెల్ కాగితంలో రాసిన టార్క్‌కే బిగించాలి. సెల్ మీది బాణం, లోడ్ పడే చివరన బలం ఏ దిశలో పని చేస్తుందో చెబుతుంది. కాలు నేరుగా సెల్‌కే బిగించిన కాటాల్లో నేల నుంచి వచ్చే బలం పైకి తోస్తుంది కాబట్టి అక్కడ బాణం పైకి చూడాలి. ఇది చాలామంది తిరగేసి బిగిస్తారు. కాటా మీద గానీ దగ్గర్లో గానీ వెల్డింగ్ చేయాల్సి వస్తే ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చేసే ముక్కకే పెట్టాలి. కరెంటు సెల్ గుండా దారి వెతుక్కుంటే లోపలి స్ట్రెయిన్ గేజ్‌లు (లోహపు సాగుడును కొలిచే పలుచని రెసిస్టర్లు) పాడవుతాయి.

ఇక వైర్లు. రంగులను నమ్మవద్దు, ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. సెల్‌తో వచ్చిన కాగితం లేకపోతే మల్టీమీటర్ చాలు. ఇండికేటర్ నుంచి విడదీసి నాలుగు వైర్లలో రెండేసి చొప్పున ఆరు జతలూ కొలవండి. మామూలు 350 ఓం సెల్‌లో అన్నిటికంటే ఎక్కువ, సుమారు 380 నుంచి 420 ఓం చూపే జత ఎక్సైటేషన్, అంటే సెల్‌కు కరెంటు ఇచ్చే జత. మిగిలిన రెండు వైర్ల మధ్య 350 వస్తే అది సిగ్నల్, అంటే బరువును చెప్పే జత. తక్కిన నాలుగు జతలు ఇంకా తక్కువగా, ఇంచుమించు ఒకేలా ఉండాలి. వాటిలో ఒకటి మిగతా వాటికి దూరంగా ఉంటే ఆ సెల్‌లో ఒక గేజ్ దెబ్బతిన్నట్టే. తరవాత నాలుగు వైర్లూ కలిపి పట్టుకుని, వాటికీ సెల్ బాడీకీ మధ్య కొలవండి. మంచి సెల్‌లో ఇది 1000 మెగా ఓం దాటి ఉంటుంది, కాబట్టి మామూలు మల్టీమీటర్ ఏ అంకే చూపకూడదు. 20 మెగా ఓం అనో 5 అనో చూపిస్తే లోపలికి తేమ పోయింది. మెగ్గర్ (ఎక్కువ వోల్టేజితో ఇన్సులేషన్ కొలిచే మీటరు) వాడితే 50 వోల్టులు మించవద్దు.

ఎక్కువమంది వదిలేసే లెక్క ఒకటుంది, నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చేది అదే. ఎంత మిల్లీవోల్టు రావాలో ముందే తెలుసుకోవడం. మీ సెల్స్ వోల్టుకు 2 మిల్లీవోల్టుల రకం (పూర్తి లోడ్ మీద, ఎక్సైటేషన్ ఒక్కో వోల్టుకు 2 మిల్లీవోల్టుల సిగ్నల్), ఎక్సైటేషన్ 5 వోల్టులు అనుకుందాం. నాలుగు సెల్స్ పారలల్‌లో ఉంటే మొత్తం 2000 కిలోలకు 10 మిల్లీవోల్టులు, అంటే కిలోకు 5 మైక్రోవోల్టులు. ప్లాట్‌ఫారం బరువు 120 కిలోలైతే ఖాళీగా 0.6 మిల్లీవోల్టు, దాని మీద 1000 కిలోలు పెడితే ఇంకో 5. మీ డివిజన్ 500 గ్రాములకు 2.5 మైక్రోవోల్టులు దక్కుతుంది, ఇది ఇండికేటర్ కనీస హద్దుకు పైన ఉందో లేదో దాని మాన్యువల్‌లో చూడండి. నాలుగు సెల్స్ కలిస్తే రెసిస్టెన్స్ 100 ఓంల దాకా పడిపోతుంది, 5 వోల్టులకు 50 మిల్లీఆంపులు లాగుతుంది. ఆ కరెంటు ఇవ్వగలదా అన్నది కూడా మాన్యువల్‌లోనే ఉంటుంది.

ఈ లెక్క చేతిలో ఉంటే ఒక మోసాన్ని పట్టుకోవచ్చు. నాలుగింటిలో ఒక సెల్‌కు సిగ్నల్ ప్లస్, మైనస్ తారుమారైతే, లేదా సెల్ తలకిందులుగా బిగిస్తే, మధ్యలో పెట్టిన బరువుకు మూడు సెల్స్ కలుపుతాయి, ఒకటి తీసేస్తుంది, సిగ్నల్ సగమే వస్తుంది. ఇండికేటర్ దాన్నీ ఒప్పుకుని స్పాన్ (రాయి దగ్గరి బిందువు) సేవ్ చేస్తుంది, 50 పెడితే 50 చూపిస్తుంది. ఒక మనిషి ఒక్కో మూలన నిలబడితే చాలు, తిరగబడ్డ సెల్ ఉన్న మూలన అంకె మైనస్‌లోకి పోతుంది.

కేబుల్ గురించి రెండు మాటలు. నాలుగు వైర్ల సెల్‌తో వచ్చిన కేబుల్‌ను కత్తిరించవద్దు, ఫ్యాక్టరీలో సెల్‌ను ఆ పొడవుతో కలిపే కాలిబ్రేట్ చేస్తారు. మిగిలిన వైరు చుట్ట చుట్టి పెట్టండి. నాలుగు సెల్స్ వైర్లు కలిసే జంక్షన్ బాక్స్ నుంచి ఇండికేటర్ దాకా ఆరు వైర్ల కేబుల్ వేసి, సెన్స్ ప్లస్‌ను ఎక్సైటేషన్ ప్లస్‌కు, సెన్స్ మైనస్‌ను ఎక్సైటేషన్ మైనస్‌కు జంక్షన్ బాక్స్‌లో కలపండి. సెల్స్ దాకా నిజంగా చేరే వోల్టేజి ఎంతో ఇండికేటర్‌కు చెప్పేవి ఈ సెన్స్ వైర్లే. నాలుగు వైర్లే వాడాల్సి వస్తే ఈ జంపర్లు ఇండికేటర్ టెర్మినల్ దగ్గర వేయాలి. సెన్స్ ఖాళీగా వదిలితే చాలా ఇండికేటర్లు పిచ్చి అంకెలు చూపిస్తాయి. దూరం ఉన్నప్పుడు తేడా ఎంతో చూడండి: 0.22 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీటరుకు 0.08 ఓం. 20 మీటర్ల దూరానికి పోనూ రానూ 3.2 ఓంలు. ఎండ ఎక్కి కేబుల్ 10 డిగ్రీలు వేడెక్కితే రాగి రెసిస్టెన్స్ సుమారు 4 శాతం పెరుగుతుంది, 100 ఓంల బ్రిడ్జ్ (కలిసి ఉన్న నాలుగు సెల్స్) మీద అది 0.12 శాతం. అంటే 1000 కిలోల దగ్గర 1.2 కిలోలు, మీ డివిజన్‌కు రెండింతల పైన. ఆరు వైర్లతో ఇది పూర్తిగా పోతుంది. కేబుల్ షీల్డ్‌ను, అంటే వైర్ల చుట్టూ ఉండే లోహపు పొరను, ఒక చివరే, ఇండికేటర్ వైపే ఎర్త్ చేయండి. మోటారు, డ్రైవ్ కేబుళ్లతో ఒకే పైపులో తీసుకెళ్లవద్దు.

మూల తక్కువ చూపడానికి వద్దాం. ట్రిమ్‌పాట్ (జంక్షన్ బాక్స్‌లో ఒక్కో సెల్ సిగ్నల్‌ను సరిచేసే చిన్న స్క్రూ రెసిస్టర్) ముట్టుకునే ముందు ప్లాట్‌ఫారం ఊగుతోందా చూడండి. నాలుగు కాళ్లలో ఒకటి నేలకు సరిగా ఆనకపోతే ఎంత ట్రిమ్ చేసినా నిలవదు. కాలు ఎత్తు సరిచేసో, కింద రేకు షిమ్ పెట్టో నాలుగూ సమంగా బరువు మోసేలా చేయండి. ఆ తరవాత సామర్థ్యంలో మూడో వంతు, మీ కాటాకు సుమారు 330 కిలోలు, ఒక్కో మూలన సెల్ పైభాగంలో పెట్టి, ఇండికేటర్‌ను పదింతల రిజల్యూషన్ మోడ్‌లో ఉంచి నాలుగు అంకెలూ రాసుకోండి. ఆ బరువు ఖచ్చితంగా తెలియనక్కర్లేదు, నాలుగు చోట్లా ఒకే బరువు అయితే చాలు. ట్రిమ్‌పాట్లు సిగ్నల్‌ను తగ్గించగలవే గానీ పెంచలేవు. కాబట్టి మొదలుపెట్టేముందు అన్నిటినీ తక్కువ తగ్గించే వైపు తిప్పి పెట్టి, అతి తక్కువ చూపే మూలను వదిలేసి మిగతా మూడింటిని దాని స్థాయికి దించండి. ఒక మూల సరిచేస్తే మిగతావీ కొద్దిగా కదులుతాయి, అందుకే రెండో చుట్టు తప్పదు. ఒక మూల ట్రిమ్‌పాట్ హద్దుకు అందనంత తక్కువ చూపుతుంటే అది ట్రిమ్ చేసే సమస్య కాదు, అక్కడ రాపిడి ఉంది లేదా సెల్ పోయింది.

ట్రిమ్ చేశాక మొత్తం సిగ్నల్ తగ్గింది కాబట్టి కాలిబ్రేషన్ ఇప్పుడు మొదటి నుంచి చేయాలి. ఇండికేటర్‌నూ సెల్స్‌నూ కనీసం అరగంట ఆన్‌లో ఉంచండి. పూర్తి సామర్థ్యానికి దగ్గరి బరువు మూడుసార్లు ఎక్కించి దించండి, బోల్టుల మధ్య బిగువులు సర్దుకుంటాయి. లోపలి కాలిబ్రేషన్ జంపర్ లేదా స్విచ్ తెరిచి, ముందు సామర్థ్యం, దశాంశ స్థానం, డివిజన్ పెట్టండి. జీరో, స్పాన్ ఆ తరవాతే. ఆటో జీరో ట్రాకింగ్ (జీరో కొద్దిగా జారితే దానంతట అదే సరిచేసుకోవడం) ఆపేయండి. ఖాళీ ప్లాట్‌ఫారంతో జీరో తీసుకుని, అంకె స్థిరపడ్డాక ఒప్పుకోండి. స్పాన్‌కు రాయి సామర్థ్యంలో మూడింట రెండు వంతులు, మీకు 660 నుంచి పైకి ఉంటే మంచిది. రాళ్లను నాలుగు సెల్స్ మీదా సమంగా పరచండి. 20 కిలోల ఎం1 తరగతి (ప్రామాణిక రాళ్ల ఖచ్చితత్వ తరగతుల్లో ఒకటి) రాయికి అనుమతించిన తప్పు 1 గ్రామే, కాబట్టి రాళ్ల వల్ల మీకు ఇబ్బంది రాదు.

అన్ని రాళ్లు దొరకకపోతే ప్రత్యామ్నాయ పద్ధతి ఉంది. 200 కిలోల ప్రామాణిక రాళ్లు పెట్టి పదింతల మోడ్‌లో అంకె రాసుకోండి. రాళ్లు దించి, అదే అంకె వచ్చేదాకా ఇసుక బస్తాలో ఇనుమో ఎక్కించండి. ఇప్పుడు దాని మీద రాళ్లు మళ్లీ పెడితే 400. అలా 600, 800. ఓఐఎంఎల్ ఆర్ 76 (కాటాల అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం తనిఖీకి మామూలుగా సామర్థ్యంలో సగం ప్రామాణిక రాళ్లు కావాలి. ఒకే బరువు మళ్లీ మళ్లీ పెట్టినప్పుడు తేడా 0.2 డివిజన్ మించకపోతే ఐదో వంతు చాలు. రాళ్లు అసలే లేకుండా సెల్ కాగితంలోని మిల్లీవోల్టు విలువ కొట్టి చేసే కాలిబ్రేషన్ అంచనాకు పనికొస్తుంది, తూకానికి కాదు. ప్లాట్‌ఫారం వంగే తీరు, కేబుల్, ట్రిమ్‌పాట్ ఆ కాగితంలో ఉండవు.

సేవ్ చేశాక 0, 250, 500, 750, 1000 దగ్గర ఎక్కిస్తూ ఒకసారి, దించుతూ ఒకసారి చూడండి. 500 గ్రాముల డివిజన్ ఉన్న మూడో తరగతి (మామూలు వ్యాపార తూకాల తరగతి) కాటాకు తొలి తనిఖీలో అనుమతి 250 కిలోల దాకా ±250 గ్రాములు, ఆపైన 1000 దాకా ±500 గ్రాములు. డిస్‌ప్లే మెట్టు లోపలి తప్పు తెలియాలంటే 50 గ్రాముల చిన్న రాళ్లు ఒక్కొక్కటే చేర్చండి. ఉదాహరణకు 800 పెడితే 800.0 చూపిస్తూ, 150 గ్రాములు చేర్చగానే 800.5 కి దూకిందనుకోండి. అసలు విలువ 800 + 0.25 − 0.15 = 800.10. ఈ పద్ధతితో చూసి ఉంటే మీ మొదటి కాలిబ్రేషన్‌లో 50 దగ్గరి తప్పు అప్పుడే బయటపడేది. ఎక్కించేటప్పుడు సరిగా ఉండి దించేటప్పుడు ఎక్కువ చూపితే రాపిడి, మధ్యలో వంకర తిరిగితే ఎక్కడో తగులుతోంది.

మిగిలింది పొద్దుటి జీరో. మొదటి అరగంటలోనే కదిలి ఆగిపోతే అది వేడెక్కడం, దానికి మందు వేచి ఉండటమే. రోజంతా ఒకే దిశలో జారుతుంటే తప్పు ఇండికేటర్‌దో, సెల్స్‌దో వేరు చేయాలి. ఒకే రకం 350 ఓంల రెసిస్టర్లు నాలుగు తీసుకుని బ్రిడ్జ్‌గా కలిపి, సెల్స్ బదులు ఇండికేటర్‌కు తగిలించండి. అప్పటికీ జారితే ఇండికేటర్. నిలకడగా ఉంటే జంక్షన్ బాక్స్ తెరిచి సెల్స్‌ను ఒక్కొక్కటిగా తగిలించి చూడండి. రాత్రి తేమకు బాక్స్‌లోని టెర్మినళ్ల మీద పల్చని చెమ్మ చేరడం నేను చూసిన వాటిలో అన్నిటికంటే ఎక్కువ. మూతలో సిలికా జెల్ పొట్లం పెట్టి, కేబుల్ గ్లాండులు (కేబుల్ బాక్స్‌లోకి వచ్చే చోటి బిగింపులు) బిగించి, వాడని రంధ్రాలు మూసేయండి. కేబుళ్లు గ్లాండుకు కింద నుంచి వచ్చేలా వంచితే నీరు వైరు వెంట లోపలికి దిగదు.

జీరో జారుతోందని ట్రాకింగ్ పరిధి పెంచి దాన్ని కప్పిపుచ్చకండి. ట్రాకింగ్ నెమ్మదిగా పడే సరుకును కూడా జారుడుగా లెక్కేసి తినేస్తుంది, సన్నని ధారగా పోస్తుంటే కొన్ని కిలోలు లెక్కలోకే రావు. సెకనుకు అర డివిజన్ మించకుండా పెట్టి, అన్నీ సరిచేశాక మాత్రమే ఆన్ చేయండి. ఆఖరున కాలిబ్రేషన్ జంపర్ మూసి, ఇండికేటర్ చూపే జీరో, స్పాన్ కౌంట్లు (ఇండికేటర్ లోపలి ముడి అంకెలు) ఒక కాగితం మీద తేదీతో రాసి లోపల అంటించండి. క్రయవిక్రయాలకు వాడే కాటా అయితే సీలు విప్పినందుకు మళ్లీ అధికారిక ముద్ర వేయించాకే తూకం మొదలుపెట్టాలి.