కాజీపేట నుంచి ఏనుమాములకు రోజూ డ్యూటీకి వెళ్లాలి. 125 సీసీ బైకు కొనాలా, స్కూటీనా? ఏ దారి మంచిది?

నేను వరంగల్ ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో ఒక అడ్తి (కమిషన్) దుకాణంలో లెక్కలు రాస్తాను. ఇల్లు కాజీపేట. పదకొండేళ్లుగా మీరు అడిగిన దారిలోనే తిరుగుతున్నాను కాబట్టి షోరూంలో చెప్పని మాట ఒకటి చెప్తాను: ముందు దారి, టైము ఖాయం చేసుకోండి. బండి సంగతి తర్వాత.

మైలేజీ ముచ్చట ఒక్క లెక్కతో తేలిపోతుంది. రానుపోను 28 కి.మీ. వేసుకోండి, నెలకు 25 రోజులు, అంటే 700. లీటరుకు 60 ఇచ్చే బండికి 12 లీటర్లు చాలు, 45 ఇచ్చే స్కూటీకి 16 దాకా పోయాలి. తేడా నాలుగు లీటర్లు. ఈ నాలుగు లీటర్ల కోసం మా వాడకట్టులో కొత్త బండి కనిపిస్తే చాలు, "ఎంతిస్తుంది?" అని అడుగుతారు. బ్రేకు ఎలా పడుతుందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

నాకు బుద్ధి వచ్చింది ఒక మార్చి నెల పొద్దున. అప్పుడు నాది పాత స్కూటీ, పది ఇంచుల చక్రాలు. నెత్తిన సగం హెల్మెట్, దానికి అద్దం లేదు. ఆలస్యమైందని ఫోన్‌లో మ్యాప్ పెడితే కాశిబుగ్గ గల్లీల్లోంచి అడ్డదారి చూపించింది, నాలుగు నిమిషాలు కలిసొస్తాయట. తీరా అది తీసుకెళ్లి మార్కెట్‌కు పోయే మిర్చి ట్రాలీల మధ్య వదిలింది. నా ముందు ట్రాలీలో ఏదో బస్తా కుట్టు ఊడినట్టుంది, గాలి లేవగానే గింజలూ దుమ్మూ కలిసి మొహాన కొట్టాయి. చపాట మిర్చి అయితే అంత ఘాటుండదు. నా ఖర్మకు అది తేజ.

కళ్లు మూసుకుపోయాయి. పక్కకు ఆపుదామని హ్యాండిల్ తిప్పాను. మన రోడ్లు తెలుసు కదా, తారు మీద తారు పోసీ పోసీ అంచు జానెడు ఎత్తు లేస్తుంది, పక్కన మట్టి మాత్రం పాత లోతులోనే ఉంటుంది. చిన్న చక్రం ఆ అంచు దిగి అక్కడే ఇరుక్కుంది, నేను ముందుకు పోయాను. మోకాలు చెక్కుకుపోయింది, టిఫిన్ డబ్బాలో పప్పుచారు ప్యాంటు పాలైంది. అంతటితో ఆగినా బాగుండేది. మిర్చి దుమ్ము పట్టిన గ్లౌజులతోనే కళ్లు నులుముకున్నాను!

మార్కెట్‌లో ఊడ్చే పనికి పోతున్న ఒక పెద్దమ్మ పరుగున వచ్చి నా చెయ్యి లాగేసింది. "రుద్దకు బిడ్డా, రుద్దకు" అంటూ తన బాటిల్ నీళ్లన్నీ కళ్లలో పోసింది. చూపు కాస్త తేరుకున్నాక అడిగింది, "మిరపకాయల నడుమ తిరుగుతవ్, కండ్లకు అద్దం పెట్టుకోవా?" లెక్కలు రాసే సారును, జవాబు లేదు.

ఆ వారమే తెల్ల అద్దమున్న ఫుల్ హెల్మెట్ కొన్నాను. నల్ల అద్దం వద్దు, రాత్రి తిరుగు ప్రయాణంలో పనికిరాదు. ఆర్నెల్లకు స్కూటీ అమ్మి, 18 ఇంచుల చక్రాలున్న 100 సీసీ బండి తీసుకున్నాను. పెద్ద చక్రం గుంతను దాటుతుంది, చిన్నది గుంతలోకి దిగుతుంది, అంతే తేడా. ఇంట్లో ఆడవాళ్లూ నడపాలంటే స్కూటీయే మేలు, కాకపోతే ముందు చక్రం 12 ఇంచులున్నది చూడండి. 2019 నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం పట్టేయకుండా చూసేది) తప్పనిసరి, డబ్బులుంటే అది వృథా కాదు. మా బామ్మర్దిలా 350 సీసీ జోలికి మాత్రం పోకండి. సుబేదారి సిగ్నళ్ల దగ్గర క్లచ్ పట్టలేక, ఎండాకాలం కాళ్లు కాలి, ఇప్పుడు బస్సెక్కుతున్నాడు. బండిని ఆదివారం కడుగుతాడు.

దారంటే సుబేదారి, హనుమకొండ చౌరస్తా, ములుగు రోడ్డు, ఎంజీఎం ఆసుపత్రి, పోచమ్మమైదాన్, ఇదే నా దారి. ఎనిమిదింపావుకల్లా చౌరస్తా దాటితే హాయి. తర్వాతైతే స్కూల్ ఆటోలు, వాటికి తోడు డివైడర్ చుట్టి రావడం బరువై రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే మహానుభావులు. అదాలత్ దగ్గర మళ్లి హంటర్ రోడ్డు పట్టుకోవచ్చు, కానీ వానాకాలంలో వద్దు. 2023 జులైలో బొందివాగు పొంగి అక్కడ ఏమైందో అందరం చూశాం. ఎప్పుడైనా నీళ్లలో బండి ఆగితే సెల్ఫ్ కొట్టకండి. ఇంజన్‌లోకి నీళ్లు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తోసుకుంటూ బయటికి తెచ్చి, ప్లగ్ విప్పించండి. రెండేళ్లకోసారి మేడారం జాతర వారంలో ములుగు రోడ్డు మీద ఆశ వదులుకోండి.

ఇంతకీ మీ డ్యూటీ ఎన్నింటికో రాయలేదు. రాస్తే ఎప్పుడు బయల్దేరాలో చెప్తాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అయితే అరగంట ముందే, అద్దం దించుకుని.