జాబితాలో ఉన్న మనిషినే వెతుకు

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవి సౌజన్యకు పెదనాన్న ఆశీస్సులు.

కర్ణాటక ఓటర్ల మీద నీ థీసిస్ కోసం రాసుకున్న సర్వే ప్రశ్నలు చదివాను. ప్రశ్నల మీద పెట్టిన శ్రద్ధ, ఎవరిని అడగాలన్న దాని మీద పెట్టలేదమ్మా. ఇక్కడి బెంగళూరు కె.ఆర్. పురంలో ‘అందుబాటులో ఉన్నవాళ్లను’ అడుగుతానని రాశావు. వైవాలో, అదే థీసిస్ మీద నోటి పరీక్షలో, నిన్ను ఇరికించడానికి ఆ ఒక్క ముక్క చాలు.

ఓటర్ల జాబితా తీసుకుని, ఏదో ఒక నంబరుతో మొదలుపెట్టి సమానమైన ఎడంతో పేర్లు ఎంచు. ఆ మనిషి దొరక్కపోతే సాయంత్రం వెళ్లు, ఆదివారం పొద్దున్న మళ్లీ వెళ్లు. ఎదురింటావిడ తీరిగ్గా ఉంది కదా అని ఆవిడతో ఫారం నింపెయ్యకు. ఇల్లు మారిపోయారంటే అదీ రాసుకో. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో కర్ణాటక మొత్తం మీద 73 శాతం పోలైతే, బెంగళూరు 55కి అటూ ఇటూగా ఆగిపోయింది. సిటీవాళ్లకి బద్ధకం అనేస్తారు అందరూ. జాబితాలో పేరుండి ఆ ఇంట్లో లేనివాళ్లెందరో తేల్చకుండా నువ్వు మాత్రం ఆ మాట రాయకు.

ఇక మనవాళ్ల సంగతి. ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటున్నా ఓటు కడపలోనో చిత్తూరులోనో అట్టిపెట్టుకున్నవాళ్లు ఈ జాబితాలో తగలరు. వాళ్లతో మాట్లాడాలనుంటే విడిగా మాట్లాడు, లెక్కల్లో కలపకు. ఇక్కడ ఓటున్న తెలుగువాళ్లు కూడా నువ్వు తెలుగులో మొదలుపెట్టగానే కర్ణాటక వదిలేసి చంద్రబాబు, జగన్ దగ్గరికి వెళ్లిపోతారు. కాసేపు మాట్లాడనిచ్చి, మెల్లగా వెనక్కి తీసుకురా.

ఎవరికి ఓటేశారని నోటితో అడగొద్దు. పక్కన అత్తగారో మొగుడో నిలబడే ఉంటారు. ఎన్నికల సర్వేలు చేసే లోక్‌నీతి సంస్థవాళ్లు డమ్మీ బ్యాలెట్ ఇచ్చి, మడిచి పెట్టెలో వెయ్యమంటారు. నువ్వూ అదే చెయ్యి, ఫారం మీద పేరు రాయకు. ఫలితాలొచ్చాక అడిగితే గెలిచినవాళ్లకే వేశామని చెప్పేవాళ్లు పెరుగుతారు. అందుకని బూత్‌వారీ ఓట్లుండే ఫారం 20తో పోల్చి, తేడా ఎంతుంటే అంతా థీసిస్‌లో పెట్టు.

‘జనం బీజేపీని తిరస్కరించారు’ అన్న వాక్యం కొట్టేశాను. 2018లో ఆ పార్టీకి సుమారు 36 శాతం ఓట్లతో 104 సీట్లొచ్చాయి. 2023లోనూ దాదాపు అదే 36 శాతం, సీట్లు మాత్రం 66. దేవెగౌడ పార్టీ జేడీఎస్ అయిదు శాతం దాకా పోగొట్టుకుంది, కాంగ్రెస్‌కి దాదాపు అంతే పెరిగింది. అలాగని జేడీఎస్ ఓటరే కాంగ్రెస్‌కి వేశాడని కూడా రాసెయ్యకు. మొత్తాలు చూసి ఆ సంగతి తేల్చలేం. నీ సర్వే ఉన్నది అందుకే కదా.

‘రోడ్లు, నీళ్లు బాగున్నాయా’ అన్నది రెండు ప్రశ్నలు, విడగొట్టు. కన్నడ ప్రతి కూడా పంపు, పక్కింటి మేష్టారికి చూపిస్తాను.

మీ పెదనాన్న