బంతి ఎక్కడుంది?

పశ్చిమ మాంబళం, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కవరు పోయిన మంగళవారం అందింది. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు మగ్సీ బోగ్స్ మీద నువ్వు రాసిన ముప్పై రెండు పేజీలూ ఆ రాత్రే చదివేశాను. పొద్దున్నే కాఫీ పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి చదివాను. తీరిగ్గా జవాబు రాద్దామనుకున్నాను గానీ, పదిహేడో పేజీ నన్ను నిలవనివ్వలేదు.

అక్కడ నువ్వు రాసింది ఇది: "అయిదడుగుల మూడంగుళాల మగ్సీ బోగ్స్ ఆకాశానికి ఎగిరి ఏడడుగుల పాట్రిక్ యూయింగ్ షాట్‌ని ఆపేశాడు. అసాధ్యం సుసాధ్యమైంది."

బాబూ, ఆ క్షణాన బంతి ఎక్కడుంది?

నువ్వు అది చూసుకోలేదు. 1993 ఏప్రిల్ 14, బోగ్స్ ఆడే షార్లెట్ హార్నెట్స్‌కీ, యూయింగ్ ఆడే న్యూయార్క్ నిక్స్‌కీ మ్యాచ్, మొదటి క్వార్టర్. యూయింగ్ షాట్ వెయ్యడానికి లేవబోతూ బంతిని వెనక్కి లాక్కున్నాడు. ఆ లాక్కోవడంలోనే బోగ్స్ చెయ్యి పడి బంతి ఊడిపోయింది. ఒకసారి బంతి యూయింగ్ తల మీదికి వెళ్ళిపోయాక బోగ్స్ ఎంత ఎగిరినా దండగే. ఆ సంగతి తెలిసినవాడు గనకే అందే ఎత్తులో ఉండగా కొట్టాడు. ఎన్.బి.ఎ.లో, అంటే అమెరికా పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్‌లో, పద్నాలుగు సీజన్లు, 889 మ్యాచ్‌లు ఆడిన మనిషి మొత్తం మీద చేసిన బ్లాకులు, అంటే ఎదుటివాళ్ళ షాట్లు ఆపినవి, 39. అందులో ఇదొకటి. అంత అరుదైనదాన్ని నువ్వు "ఆకాశం" అనే ఒక్క మాట వేసి కప్పేశావు. చదివేవాడు చప్పట్లు కొడతాడు, కానీ అక్కడేం జరిగిందో వాడికి తెలియదు. నాకు కోపం వచ్చింది అందుకే.

నలభై ఏళ్ళుగా నేను నలుగురికీ చెబుతున్నది ఒకటే. ఆటగాడి గురించి రాసేవాడికి ప్రతి పేజీలోనూ బంతి ఎక్కడుందో తెలిసి ఉండాలి. రాయకపోయినా ఫరవాలేదు, తెలిసి ఉండాలి. తెలియని చోటికి విశేషణం వచ్చి కూర్చుంటుంది. నీ కాగితాల్లో "పొట్టి", "మరుగుజ్జు", "ఎత్తు" అన్న మాటలు కనిపించినప్పుడల్లా ఎర్ర పెన్సిలుతో సున్నా చుడుతూ పోయాను. అరవై నాలుగు సున్నాలు వచ్చాయి. డ్రిబుల్, అంటే బంతిని నేలకి కొడుతూ తీసుకెళ్ళడం, ఆ మాట మూడంటే మూడుసార్లు వచ్చింది. అతను బతికిందే డ్రిబుల్ మీద, నాయనా.

ఇది నేనెక్కడ నేర్చుకున్నానో చెబుతాను. 1980ల మొదట్లో నేనూ మీ అమ్మమ్మా కోడంబాకంలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాళ్ళం, ఒకే బల్ల దగ్గర. సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళేది, నేను నందనం వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల మైదానానికి వెళ్ళి కూర్చునేదాన్ని. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ మొదలుపెట్టిన కాలేజీ అది. బాస్కెట్‌బాల్ పుట్టిందే 1891లో, అమెరికాలోని ఒక వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో. ఆ సంస్థ మనుషుల చేతుల మీదుగానే మన దేశానికి వచ్చింది. మద్రాసుకి క్రికెట్ పిచ్చి ఎంతున్నా ఈ ఆటకు ఇక్కడ లోతుగా వేళ్ళున్నాయి, నువ్వు ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగి అది గమనించినట్టు లేదు.

మొదట్లో నేను ఆడేవాళ్ళ మొహాలు చూసేదాన్ని. నోట్‌బుక్కులో "కసి", "పట్టుదల", "చెమట" అని రాసుకునేదాన్ని. పిల్లలకు ఆట నేర్పే పెద్దాయన ఒకాయన ఒకరోజు నా పక్కన కూర్చుని, నోట్‌బుక్కు వైపు తొంగిచూసి, "పంద పారుమ్మా" అన్నాడు. బంతిని చూడమ్మా, అని. కాసేపాగి, కళ్ళు మూసుకుని విను అని కూడా అన్నాడు. విన్నాను. పొడుగు కుర్రాళ్ళు డ్రిబుల్ చేస్తుంటే ధబ్బు, కాస్త ఖాళీ, మళ్ళీ ధబ్బు. వాళ్ళలో ఒక పొట్టివాడుండేవాడు. వాడి చేతి కింద బంతి మోకాలు దాటి లేచేది కాదు. చూరు నుంచి వాన నీళ్ళు రాతి మీద పడ్డట్టు టపటపటప మోగేది. ఆ బంతిని లాక్కోవాలంటే పొడుగువాడు నడుం దాకా వంగాలి. వంగితే కాళ్ళు కట్టేసినట్టవుతాయి. వాడు మళ్ళీ నిటారుగా లేచేలోపు వీడు చంక కింద నుంచి జారిపోయి అవతల ఉండేవాడు. కళ్ళు మూసుకుని కూడా ఎవరు ఎవర్ని దాటారో చెప్పగలిగేదాన్ని, ఓ నెల పోయాక.

బోగ్స్ చేసిందీ అదే పని. ప్రపంచంలో పొడుగువాళ్ళంతా పోగైన చోట, నేలకీ మోకాలికీ మధ్యనున్న జాగా వాళ్ళకి వంగితేగానీ అందదు. ఆ జాగా అంతా అతను వాడుకున్నాడు. మ్యాచ్‌కి సగటున రెండుసార్లు కూడా బంతి పోగొట్టుకోలేదు. తన టీమ్ దగ్గర బంతి ఉన్నప్పుడల్లా అది ఎక్కువగా అతని చేతి కిందే తిరుగుతుంది, అవతల అయిదుగురు దాని కోసమే కాచుకుని ఉంటారు. దీని పక్కన పెట్టి చూస్తే నీ "మరుగుజ్జు వీరుడు" ఎంత పల్చగా ఉన్నాడో చూడు. మ్యాచ్‌కి అతను వేసిన పాయింట్లు 7.7, ఇచ్చిన అసిస్టులు, అంటే ఇంకొకడు బాస్కెట్ వేసేలా అందించిన బంతులు, 7.6. తన పేరున పాయింట్లెన్నో, ఇంకొకడి చేత వేయించిన బాస్కెట్లూ ఇంచుమించు అన్నే. ఈ రెండంకెల మీద ఒక అధ్యాయం రాయొచ్చు. నువ్వు వాటిని ఇరవై రెండో పేజీలో పట్టిక చేసి, గళ్ళు కొట్టి వదిలేశావు.

పేరు సంగతి కూడా అంతే. అసలు పేరు టైరోన్. ఇంగ్లీషులో మగ్గింగ్ అంటే దారి దోపిడీ; అలా ఎదుటివాడి మీద పడి బంతి లాగేసుకుంటాడని బాల్టిమోర్ వీధి పిల్లలు మగ్సీ అన్నారు. నువ్వు "ముద్దుపేరు" అని రాసి ముందుకెళ్ళిపోయావు. ఆ పేరులోనే బంతి ఉంది కదయ్యా!

బాల్యానికి ఎనిమిది పేజీలు ఇచ్చావు. అయిదేళ్ళ వయసులో తుపాకీ రవ్వలు తగలడం, పన్నెండేళ్ళప్పుడు తండ్రి జైలుకి వెళ్ళడం. అవి జరిగినవే, రాయొద్దనను. కానీ ఎనిమిది పేజీలూ ఏడిపించడానికే రాశావు. ఇది నీ ఒక్కడి తప్పు కాదు. ఇప్పుడు ఏ పత్రిక తెరిచినా, ఫోన్‌లో ఏ వీడియో పెట్టినా "స్ఫూర్తి కథలు". పేదరికం, అవమానం, పట్టుదల, విజయం. ఈ నాలుగు మూలల రుమాల్లో ఎవరినైనా మూట కట్టేస్తున్నారు. ఇడ్లీ బండి పెట్టుకున్నావిడా, ఐఏఎస్ ప్యాసైన కుర్రాడూ, బోగ్సూ అందరూ ఒకే మూటలో. మూట విప్పితే మనిషి ఉండడు. ఈ ఫ్యాషన్ మన భాషలో ఎంతోమంది మంచి కుర్ర రచయితల చేతులు పాడుచేసింది, చూస్తూ ఊరుకోలేకపోతున్నాను. డన్‌బార్ హైస్కూల్లో అతను ఆడిన రెండు సీజన్లలో ఆ టీమ్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఆ సంగతికి నువ్వు ఇచ్చింది ఒకటిన్నర లైను! కన్నీళ్ళకి ఎనిమిది పేజీలు, ఆటకి ఒకటిన్నర లైను.

1987లో వాషింగ్టన్ బుల్లెట్స్ టీమ్ అతన్ని డ్రాఫ్టులో, అంటే టీములు కొత్త ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, పన్నెండో వాడిగా తీసుకుంది. అదే టీమ్‌లోని ఏడడుగుల ఏడంగుళాల మనూట్ బోల్ పక్కన నిలబెట్టి తీసిన ఫోటోలు ప్రపంచమంతా చూసింది. నువ్వూ ఆ ఫోటో చూసి రెండు పేజీలు రాశావు. ఫోటో చూసి రాస్తే కొలతలు తప్ప ఏమొస్తాయి? కొట్టేశాను.

ఒక్క పేజీ మాత్రం ముట్టుకోలేదు. బాల్టిమోర్‌లో అతను పెరిగిన లఫాయెట్ కోర్ట్స్ ఇళ్ళ టవర్లను 1995లో కూల్చేశారు. అదే ఏడు అతని మోకాలికి ఆపరేషన్, ఆ తర్వాతి సీజన్‌లో ఆడింది ఆరు మ్యాచ్‌లు. ఈ రెండూ నువ్వు పక్కపక్కన పెట్టి, ఒక్క మాటా కలపకుండా కింద గీత గీశావు. ఆ పేజీ బాగుంది. అలాగే ఉంచు.

ఇక అసలు బాధ. చివరి పేజీలో "2001తో ఆట ముగించి ప్రశాంత జీవితం గడుపుతున్నాడు" అని రాసి సంతకం పెట్టేశావు. నీకెవరు చెప్పారు ప్రశాంతమని? టొరంటోలో చివరి సీజన్ మూడంటే మూడు మ్యాచ్‌లు. తర్వాత న్యూయార్క్ టీమ్‌కి, అక్కణ్ణుంచి డల్లాస్ టీమ్‌కి మార్పిడి చేసేశారు. రెండు టీముల్లోనూ ఒక్క మ్యాచ్ ఆడలేదు. కాగితం మీద ఆటగాడే, చేతిలో బంతి లేదు. 2005లో షార్లెట్‌కే తిరిగి వచ్చి స్టింగ్ అనే మహిళల టీమ్‌కి హెడ్ కోచ్ అయ్యాడు. తను పదేళ్ళు ఆడిన ఊరది, ఆ ఊరి హార్నెట్స్ కోసం 5,557 అసిస్టులిచ్చాడు. ఇప్పుడు గీత బయట నిలబడి ఆడపిల్లలకు కేకలేసి చెప్పాలి. 44 మ్యాచ్‌లకి 14 గెలుపులు. 2007 జనవరిలో ఆ టీమే మూతపడింది. ఆ తర్వాత అదే ఊళ్ళో ఒక స్కూలు పిల్లలకు కోచ్. ప్రాక్టీసులో ఏ పిల్లవాడి చేతిలోంచో బంతి జారి దొర్లుకుంటూ అతని కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగుతుందే, అప్పుడు ఆ చెయ్యి ఏం చేస్తుంది? నాకు తెలుసుకోవాలని ఉంది. నీకు ఉండొద్దూ?

నాకెందుకింత పట్టింపో కూడా విను. నందనంలో చూసినవాళ్ళలో ఒకాయన, నెల్లూరు వైపు మనిషి, ఆట మీదే ఒక బ్యాంకులో ఉద్యోగం సంపాదించాడు. బ్యాంకులూ రైల్వేలూ ఆటగాళ్ళను అలా తీసుకునేవి, ఇప్పటికీ తీసుకుంటాయి. నేను కలిసేనాటికి ఆట మానేసి ఆరేడేళ్ళయింది, క్యాష్ కౌంటర్లో కూర్చునేవాడు. కుడిచేతి చిటికెన వేలు వంకర. ఎప్పుడో బంతి ఎదురు తగిలి కీలు తప్పి, సరిగ్గా అతుక్కోలేదు. నోట్లు లెక్కపెడుతుంటే ఆ వేలు మిగతా వాటితో కలవకుండా పైకి లేచి ఉండేది. నేను వరసలో నిలబడి చూస్తున్నాను. వెనక గదిలోంచి ఎవరో "సార్" అని తాళాల గుత్తి విసిరారు. ఆయన తల తిప్పలేదు. ఎడంచెయ్యి భుజం పక్కకి లేచింది, గుత్తి చప్పుడు లేకుండా అరచేతిలో పడింది. కుడిచెయ్యి నోట్లు లెక్కపెడుతూనే ఉంది. బల్ల మీద గుత్తి పెట్టి, "తొంభై ఆరు" అని పైకి అన్నాడు, మిగతా నాలుగూ లెక్కపెట్టి కట్టకి రబ్బరు బ్యాండు వేశాడు.

అది రాసి ఒక వారపత్రికకి పట్టుకెళ్ళాను. సంపాదకుడు మొదట "ఆటల శీర్షిక మీకెందుకమ్మా, ఊరగాయల మీద ఏదైనా ఇవ్వండి" అన్నాడు. మూడుసార్లు తిరిగాక వేశాడు. తాళాల గుత్తి తీసేశాడు. వంకర వేలు తీసేశాడు. వాటి చోట "ఆయన నిరాడంబరత నేటి యువతకు ఆదర్శం" అని తన సొంత వాక్యం పెట్టి, పైన "మరుగున పడ్డ మాణిక్యం" అని పేరు తగిలించాడు. నేను ఆ సంచిక తీసుకుని బ్యాంకుకి వెళ్ళాను. ఆయన కౌంటర్ పక్కన నిలబడి మొత్తం చదివి, మడిచి నా చేతికిచ్చి, "ఇంకెవరి గురించో రాసినట్టుందండీ" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆ సంపాదకుడు పోయి చాలా ఏళ్ళయింది. నేను ఇంకా క్షమించలేదు. కార్బన్ కాపీ ఇప్పటికీ బీరువాలో ఉంది, వచ్చినప్పుడు చూపిస్తాను.

అందుకే నీ "ప్రశాంత జీవితం" చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. ఆ సంపాదకుడు చేసిన పని నువ్వు నీ చేత్తోనే చేసుకున్నావు, ఎవరూ అడగకుండానే.

కలం పేరు గురించి అడిగావు, ప్రచురణకర్తల గురించీ పారితోషికం గురించీ అడిగావు. వాటి గురించి రాసే ఓపిక ఇవాళ లేదు. "మగ్సీ బోగ్స్ గురించి తెలుగులో ఎవరు చదువుతారు?" అని కూడా రాశావు. బంతి కనిపిస్తే చదువుతారు. నేను చదువుతాను.

పదిహేడో పేజీ మళ్ళీ రాయి. తర్వాత ముప్పై రెండో పేజీ చించేసి, అక్కణ్ణుంచి ఇంకో ఇరవై పేజీలు రాయి. రాసేముందు ఒక పని ఉంది. ఈ ఆదివారం సాయంత్రం అయిదింటికి నందనం కాలేజీ గేటు దగ్గర ఉండు. నేను దురైసామి సబ్‌వే దాటి ఆటోలో వస్తాను. పెన్నూ కాగితం తేవద్దు. గ్యాలరీ మెట్ల మీద పక్కన కూర్చో. నేను కళ్ళు మూసుకోమన్నప్పుడు మూసుకో. ఎవరు డ్రిబుల్ చేస్తున్నారో, ఎవరి చేతిలోంచి బంతి పోయిందో నువ్వు చెప్పాలి. మబ్బు పట్టి ఉంటే గొడుగు తెచ్చుకో. వాన పడితే కోర్టు తడిసి ఆట ఆపేస్తారు, మనం అక్కడే ఆగి మళ్ళీ మొదలయ్యేదాకా కూర్చుందాం.

మీ అమ్మమ్మకి నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో